నురగ దిగేదాకా

సీసా అడుగున తెల్లటి పొడి, చిటికెడు.
సెలైన్ సీసా గోడ వెంబడే జారాలె,
పొడి నెత్తిన పడొద్దు, కుదపొద్దు.
సిరంజిని నొక్కీ నొక్కనట్టు నిమిషం పాటు నొక్కి
ఐదు నిమిషాలు అట్లనే వదిలేస్త.
నురగ వస్తే, అది దిగేదాకా ఇంకో పదిహేను.
నక్కలగుట్టల, రెండో అంతస్తుల,
రెండు జతల గ్లవ్స్ వెనుక
నా కొలువుల సగం ఎదురుచూసుడే.

అద్దానికి అవతల కుడికాల ఓదేలు.
కొత్తవాడల నలభై మూడేండ్లు జంపఖానాలు నేసిన మనిషి.
మొదటిసారి సంచి వేలాడదీసిన నాడు అడిగిండు:
"పాలెక్కిస్తున్రా బిడ్డా, నరంల?"
పాలు కాదు తాతా, మందు.
మన నెత్తుట్ల తిరిగే మాంసకృత్తినే
దానికి అంగీ తొడిగినం.
ఇంటోడనుకొని కావలోడు ఆపడు.

"ఎంత సన్నం?"
నేతగాడి ప్రశ్న.
వెంట్రుకను నిలువునా చీల్చుకుంట పోతే
ఆరు వందల పోగులు, అందుల ఒక్క పోగంత.
ఆయన నవ్వలే.
బొటనవేలికీ చూపుడువేలికీ నడుమ
లేని పోగునొకదాన్ని మెలిపెట్టి చూసుకున్నడు.
"నేను ఎనభయ్యో నంబరు నూలు దాక చూసిన. గది చీరెలకు."

క్లోమం అన్న మాట మార్చి దాకా ఆ ఇంట్ల లేదు.
కడుపునొప్పి ఉండె. వీపునొప్పి ఉండె.
గుంటమగ్గంల కూసుంటే రాదా మరి అని
సత్తెమ్మ తైలం రాస్తుండె.
కండ్లు పచ్చబడితే పరకాల తీసుకపోయి
పసరు పోయించింది.
గడ్డ అప్పటికే లోపల
సొంత మగ్గం పాతుకుంది.

డాక్టరమ్మ కాగితం మీద బొమ్మ గీసింది:
ఇది ఉత్త గడ్డ కాదు, చుట్టూ పీచు నేసుకుంటది,
నెత్తురు నాళాలు నలిగిపోయేంత దట్టంగ.
మామూలు మందు గడప దాక పోయి తిరిగొస్తది.
ఓదేలు బొమ్మ మీదికి వంగి
"పన్నె బాగ కొట్టిండు" అన్నడు,
పగోడి పనితనాన్ని సుత తక్కువ చెయ్యలేక.

నాలుగో సైకిలుకు స్కానింగు.
నాలుగు పాయింట్ నాలుగు సెంటీమీటర్లు
మూడు పాయింట్ ఆరయింది.
సత్తెమ్మ ఆ తేడాను వేలు మీద కొలుచుకుంది:
గోరంత లేదు.
ఆ గోరంతకే వరండాల కూసున్నోళ్లందరికీ
బత్తాయిలు పంచింది.

అదే వారం ఆయన నా ముందర చేతులు చాపిండు.
"పోగు తెగితే అతుకుతలేను బిడ్డా.
ముడి పడ్డదో లేదో వేలుకు ఎరుకైతలేదు.
కండ్లతోని చూసి వేస్తున్న,
పని నేర్వొచ్చిన పోరనోలె."

అంగీ తొడిగి పంపిన మందు
గడ్డ దగ్గరనే ఆగలేదు.
వేలి కొసల దాక నడిచి
ఒక్కొక్క దీపం ఆర్పుకుంట పోయింది.
అంత సన్నపుదాని మీద
చిరునామా రాసే కలం
ఇంకా ఎవరి దగ్గరా లేదు.

ఫైలుల దానికొక గడి ఉంది.
గ్రేడ్ రెండు అని రాయాలె. రాసిన.

"మందు తగ్గిస్తే గడ్డ పెరుగుతదా?"
చెప్పలేం.
"తగ్గియ్యకుంటే?"
చేతులు.
ఆయన చాలాసేపు తన చేతుల దిక్కే చూసిండు,
ఎవరో దాచిపెట్టమని ఇచ్చిపోయిన వాటిని చూసినట్టు.
"పోగులు నేనతుకుత తియ్యి" అంది సత్తెమ్మ.
"ఇన్నేండ్లు కండెలు చుట్టిన, గంత రాదా నాకు?"
ఆయన ఏమనలే.
వేరేవాళ్లు వేసిన ముడి మీద
ఆయన ఎన్నడూ నేయలేదట,
తర్వాత ఆమెనే చెప్పింది.

ఇయ్యాల బుధవారం. తగ్గించిన మోతాదు.
సెలైన్ గోడ వెంబడి దిగుతుంది.
సిరంజి మీది గీతలు,
రెండు జతల గ్లవ్స్‌ల నుంచి సుత,
ఒక్కొక్కటే నా వేలుకు తెలుస్తున్నయి,
ఇన్నేండ్లల్ల మొదటిసారి.

అద్దానికి అవతల
ఆయన అంగీ గుండీ పెట్టుకుంటుండు,
తల వంచి, గుండీనే చూసుకుంట.
కాజా దొరుకుతలేదు.
సత్తెమ్మ లేవబోయి కూసుంది.

కుదపొద్దు.
నురగ ఇంకా ఉంది.